ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకూ గుండెజబ్బు ఎందుకొస్తుంది, ఏం చేస్తే దూరంగా ఉంటుంది

అడిగిన ప్రశ్న ఇదీ: ఫౌండ్రీలో (లోహం కరిగించి పోతపోసే చోట) పని, వయసు 42. రోజూ ఎనిమిది గంటలు బరువులు, ఫర్నేసు వేడి, వారం విడిచి వారం నైట్ షిఫ్టు. పొట్ట లేదు, లావు లేదు. అయినా వైద్య పరీక్షలో బీపీ 148/94 వచ్చింది. అదే షాపులో (పనిశాలలో) ఇద్దరికి యాభై దాటకముందే గుండెపోటు వచ్చింది. ఇంత కష్టపడేవాళ్లకు విడిగా వ్యాయామం అవసరమా? ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలి?

వ్యాయామం విడిగా కావాల్సిందే. ఈ మాట చాలామందికి ఎక్కదు కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

చురుగ్గా నడిచినప్పుడో సైకిల్ తొక్కినప్పుడో కాళ్ల కండరాలు ఒక లయలో బిగుసుకుంటూ వదులవుతూ ఉంటాయి. రక్తనాళాలు విప్పారతాయి. గుండె వేగం అరగంటసేపు పెరిగి, ఆపాక మెల్లగా దిగుతుంది. ఆ తర్వాత కొన్ని గంటలపాటు బీపీ మామూలు కన్నా కాస్త తక్కువగానే ఉంటుంది. షాపులో జరిగేది వేరు. కరిగిన లోహం పోసే లాడిల్ పిడి పట్టుకుని నిలబడటం, మౌల్డు బాక్సు (అచ్చు పెట్టె) ఎత్తి పట్టుకోవడం, చేతులు భుజాలకు పైన ఉంచి గ్రైండింగ్ చేయడం, ఇవన్నీ కండరాన్ని బిగబట్టి ఉంచే పనులు. బిగుసుకున్న కండరం తనలోని రక్తనాళాలనే నొక్కేస్తుంది. అందులోకి రక్తం తోయాలంటే బీపీ పెరగక తప్పదు. అది గంటల తరబడి, రోజుల తరబడి సాగుతుంది. గుండె బలపడేంత తీవ్రతా ఉండదు, సేదతీరేంత విరామమూ ఉండదు. కోపెన్‌హాగెన్‌లో 1,04,046 మందిని పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే తేలింది. ఖాళీ సమయంలో వ్యాయామం చేసేవాళ్లకు గుండెజబ్బుల ముప్పు తగ్గింది, పనిలో శారీరక శ్రమ ఎక్కువగా ఉన్నవాళ్లకు పెరిగింది. పొగతాగడం, చదువు, ఆదాయం లాంటి తేడాలు లెక్కలోకి తీసుకున్నా ఫలితం మారలేదు.

కాబట్టి వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక పెట్టుకోండి. ఎంత చురుగ్గా అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. బరువు పని ఉన్న రోజు షిఫ్టు దిగగానే అరగంట నడవమంటే ఎవరివల్లా కాదు, రెండో వారానికే మానేస్తారు. ఆ రోజుల్లో పది, పదిహేను నిమిషాలు చాలు, అదీ షిఫ్టుకు ముందైతే మేలు. సెలవు రోజున, తేలిక పని ఉన్న రోజున 40 నిమిషాల చొప్పున నడిచి లెక్క పూర్తి చేయండి. జిమ్‌లో బరువులెత్తడం మీకు అంత అవసరం లేదు, అది షాపులో ఎలాగూ అవుతోంది.

షాపులో మార్చుకోవాల్సింది ఒకటుంది. బరువు ఎత్తేటప్పుడు చాలామంది ఊపిరి బిగబడతారు. అలా బిగబట్టి తోసినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, వదిలిన వెంటనే పడిపోతుంది. ఇప్పటికే రక్తనాళాల్లో కొవ్వు పేరుకున్నవాళ్లకు ఈ ఎగుడుదిగుడు ప్రమాదం. ఎత్తే ముందు గాలి పీల్చుకుని, ఎత్తుతున్నంతసేపూ నోటితో వదులుతూ ఉండాలి. జామ్ అయిన వాల్వు తిప్పేటప్పుడు, తుప్పు పట్టిన బోల్టు విప్పేటప్పుడు కూడా అంతే.

ఇక 148/94 సంగతి. ఒక్క రీడింగు చూసి బీపీ ఉందని తేల్చేయకూడదు, లేదని వదిలేయకూడదు. ముందు ఆ కొలత ఎలా తీశారో గుర్తు తెచ్చుకోండి. పని మధ్యలో లైన్లోంచి పిలిచి, నిలబడి ఉన్నవాళ్లను అలాగే కూర్చోబెట్టి, మాట్లాడుతూనే పట్టీ చుట్టేస్తే ఆ అంకె పనికిరాదు. కొలతకు ముందు అరగంటలో టీ, కాఫీ, సిగరెట్, బరువు పని ఉండకూడదు. మూత్రం పోసుకుని రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి.

శారీరక శ్రమ చేసేవాళ్ల విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు పట్టీ సైజు. మామూలు పట్టీ మీద చాలావరకు 22–32 సెం.మీ. అని రాసి ఉంటుంది. అది దండచేయి చుట్టుకొలత. కండ పట్టిన చేయి 34, 35 సెం.మీ. ఉంటే ఆ పట్టీ బిగుతై, ఉన్నదానికన్నా ఎక్కువ బీపీ చూపిస్తుంది. భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపుతో కొలిచి చూడండి, 32 దాటితే పెద్ద పట్టీ అడగండి. ఫస్ట్ ఎయిడ్ గదిలో రెండు సైజులూ ఉండాలి.

తర్వాత ఇంట్లో ఏడు రోజులు, నిద్ర లేచాక రెండుసార్లు, పడుకునే ముందు రెండుసార్లు కొలిచి కాగితం మీద రాయండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. ఆసుపత్రిలో మామూలుగా ఉండి, పనిలో ఉన్నప్పుడు మాత్రం పెరిగే బీపీ ఒకటుంది. అది పరీక్షలకు చిక్కదు. అందుకే షిఫ్టు మధ్యలో, భోజన విరామంలో, చల్లటి గదిలో ఐదు నిమిషాలు కూర్చున్నాక ఒకటి రెండు రోజులు కొలవడం మంచిది. 180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం లాంటివి ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

మందు మొదలుపెడితే షిఫ్టులు మారేవాళ్లకు వచ్చే మొదటి సందేహం, మాత్ర ఎప్పుడు వేసుకోవాలని. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొని 2022లో ఫలితాలు వచ్చిన అధ్యయనంలో, ఉదయం వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా కనిపించలేదు. కాబట్టి ఏ షిఫ్టులోనైనా తప్పకుండా జరిగే పనికి దాన్ని ముడిపెట్టండి, ఉదాహరణకు లేచి పళ్లు తోముకోవడానికి. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలైతే వేడి షిఫ్టులో ఉంటానని డాక్టర్‌కు ముందే చెప్పాలి. బీపీ మామూలుకు వచ్చిందని మాత్ర మానేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. అది మామూలుకు వచ్చింది మాత్ర వల్లే.

దీనితోపాటు అడగాల్సింది నొప్పి మాత్రల గురించి. నడుము నొప్పికీ మోకాలి నొప్పికీ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ మింగుతూ పనిచేసేవాళ్లు చాలామంది. ఇవి శరీరంలో ఉప్పూ నీరూ నిలబెట్టి బీపీ పెంచుతాయి, బీపీ మాత్రల పనిని దెబ్బతీస్తాయి, గుండెపోటు ముప్పునూ పెంచుతాయి. వీటికి కొన్ని రకాల బీపీ మాత్రలు, మూత్రం పోయించే మాత్ర, పైన వేడిలో ఒంట్లో నీరు తగ్గడం, అన్నీ తోడైతే మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. బీపీ ఉందని తెలిసినవాళ్లు మందుల షాపులో నొప్పి మాత్ర అడిగి తెచ్చుకోవడం మానాలి. నొప్పి రోజూ ఉందంటే పనిచేసే ఎత్తు, ఎత్తే బరువు మార్చాలని అర్థం, అది సూపర్‌వైజరుతో మాట్లాడాల్సిన విషయం.

ఫౌండ్రీ అన్నారు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇసుక మౌల్డుల్లో వాడే రెసిన్లు (జిగురు పదార్థాలు), బొగ్గు పొడి కరిగిన లోహం తగలగానే కాలి ఈ వాయువును వదులుతాయి. పోత పోశాక చల్లారేదాకా అది వస్తూనే ఉంటుంది. రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గుండె కండరం రక్తంలోని ఆక్సిజన్‌లో చాలా భాగాన్ని ఎప్పుడూ వాడేసుకుంటూనే ఉంటుంది కాబట్టి దానికి నిల్వ లేదు, కాస్త తగ్గినా ముందు అదే ఇబ్బంది పడుతుంది. రక్తనాళాలు సన్నబడినవాళ్లకు మామూలుగా రాని ఛాతీ నొప్పి, ఈ వాయువు ఒంట్లో కొద్దిగా ఉన్నా తక్కువ శ్రమకే వచ్చేస్తుంది.

పోత రోజున సాయంత్రానికి తలనొప్పి, వికారం, కాళ్లలో నీరసం వచ్చి, సెలవు రోజున ఏమీ లేకపోతే దీన్ని అనుమానించండి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు చూసి ధైర్యం తెచ్చుకోకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కవేసి 97, 98 చూపిస్తుంది. దుమ్ము మాస్కు ఎంత మంచిదైనా ఈ వాయువును ఆపలేదు. గాలి బయటికి లాగే ఫ్యాన్లూ హుడ్లూ సరిగ్గా పనిచేయడం, మనిషి కాలరు దగ్గర తగిలించుకునే మీటరు, ఈ రెండే దారి. కార్మికుల ఆరోగ్యం మీద పనిచేసే అమెరికా సంస్థ నియోష్ సిఫారసు చేసే హద్దు షిఫ్టు సగటున 35 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 35 భాగాలు), ఏ క్షణంలోనూ 200 పీపీఎం దాటకూడదు. మీటరును నడుము బెల్టుకో జేబు లోపలో పెడితే మనం పీల్చే గాలిని అది కొలవదు. షిఫ్టు మొదట్లో పరీక్ష గ్యాసు చూపించి అలారం మోగుతోందో లేదో చూసుకోవాలి, సెన్సరు పాతబడినా స్క్రీను మీద సున్నా చక్కగా కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడే సిగరెట్ లెక్క కూడా వస్తుంది. మామూలు గాలిలో ఈ వాయువు రక్తంలో సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ప్రతి విరామంలో ఒక సిగరెట్ కాలిస్తే అది దిగే అవకాశమే లేదు. మానేసిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు, కాలుస్తూ ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి దిగుతుంది. ఏ మందూ అంత తొందరగా అంత లాభం ఇవ్వదు. నమిలే పొగాకులో పొగ లేకపోయినా నికోటిన్ ఉంది, అది గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది.

ఫౌండ్రీ కాకుండా వేరే పనుల్లో ఉన్నవాళ్లు చదివితే, వాళ్ల కోసం నాలుగు ముక్కలు. విస్కోస్ రేయాన్ అనే బట్ట నూలు తయారీలో వాడే కార్బన్ డైసల్ఫైడ్ గుండె రక్తనాళాలను నేరుగా దెబ్బతీస్తుంది. రంగు వూడదీసే ద్రవాల్లో ఉండే మిథిలీన్ క్లోరైడ్ ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. సీసం బీపీని పెంచుతుంది. పేలుడు పదార్థాల పరిశ్రమలో నైట్రోగ్లిజరిన్‌కు అలవాటుపడిన రక్తనాళాలు సెలవు రోజుల్లో బిగుసుకుపోతాయి, పాతకాలంలో ఆ కార్మికులకు ఛాతీ నొప్పి ఆదివారం రాత్రో సోమవారం ఉదయమో వచ్చేది అందుకే. పని రోజుల్లో బాగుండి సెలవులో నొప్పి వస్తే అక్కడ దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

వేడి దగ్గరికొస్తే, ఒళ్లు చల్లబరచడానికి గుండె చర్మానికి అదనంగా రక్తం పంపాలి. పనికి కావాల్సిందీ పంపాలి. నీరు తగ్గేకొద్దీ రక్తం పరిమాణం తగ్గి అదే పనికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. దాహం వేసేదాకా ఆగకుండా 15–20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే 250 మి.లీ. లోపు తాగాలి. గంటకు 1.4 లీటర్లు మించకూడదు, ఒకేసారి ఎక్కువ నీళ్లు పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. చెమట పోతోందని ఉప్పు మాత్రలు మింగొద్దు. వేళకు భోజనం చేసేవాళ్లకు పోయిన ఉప్పు అందులోంచే తిరిగి వచ్చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు కూడా పూర్తిగా కాదు. గుండె వైఫల్యం ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఈ లెక్కలు పాటించకూడదు, అసలు వేడి పనికే వెళ్లొచ్చా అని డాక్టర్‌నే అడగాలి.

వేడిలో గుండె మీద ఎంత భారం పడుతోందో తెలుసుకునేందుకు పరికరం అక్కర్లేదు. విరామానికి కూర్చోగానే మణికట్టు దగ్గర నాడి 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించండి. 110 దాటితే విరామం అంతే ఉంచి, తర్వాతి పని విడతను మూడో వంతు తగ్గించాలి. మళ్లీ విరామంలోనూ 110 పైనే ఉంటే ఇంకో మూడో వంతు తగ్గించాలి. అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మందులు వాడేవాళ్లకు ఈ లెక్క పనిచేయదు, ఆ మందులు నాడిని పెరగనివ్వవు. కొత్తగా చేరినవాళ్లను మొదటి రోజు పూర్తి షిఫ్టు వేడిలో నిలబెట్టకూడదు. మొదటి రోజు 20 శాతం, తర్వాత రోజుకో 20 శాతం చొప్పున పెంచాలి. పాతవాళ్లయినా జబ్బు పడో సెలవు మీదో వెళ్లి వస్తే 50, 60, 80, 100 శాతంగా నాలుగు రోజుల్లో ఎక్కించాలి.

నైట్ షిఫ్టు. 20 లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి 2012లో చేసిన విశ్లేషణలో షిఫ్టు పని చేసేవాళ్లలో గుండెపోటు ముప్పు 23 శాతం ఎక్కువగా కనిపించింది. నిద్ర తగ్గడం ఒక కారణం, ఒంట్లోని గడియారం నిద్రపొమ్మంటున్న వేళ తినడం ఇంకో కారణం. అర్ధరాత్రి తిన్న భోజనానికి రక్తంలో చక్కెర పగటికన్నా ఎక్కువగా పెరుగుతుంది. అందుకని అసలు భోజనం షిఫ్టుకు ముందే చేసేయండి, అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా కొద్దిగా, తేలికగా, నూనె, తీపి లేకుండా తినండి. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ గానీ చక్కెరను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌తో షిఫ్టుల వారీగా వేళలు రాయించుకోకుండా భోజనం మార్చకూడదు. పడుకోవడానికి ఆరు గంటల ముందే టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు ఆపాలి. తెల్లవారుజామున నాలుగింటికి తాగిన కాఫీ తొమ్మిదింటి నిద్రను పాడుచేస్తుంది. గదిలో వెలుతురు రాకుండా మందపాటి తెర కట్టి, ఫోను పక్క గదిలో పెట్టి, ఒకేసారి ఏడు గంటలు కుదరకపోతే ఐదు గంటలు, సాయంత్రం ఇంకో రెండు గంటలు పడుకోండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే నిద్ర పరీక్ష చేయించుకోవాలి. ఎన్ని మందులు వేసినా దిగని బీపీ వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది.

ఓవర్‌టైమ్ గురించి ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు 35–40 గంటలు చేసేవాళ్లకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. డబ్బు అవసరం ఎవరూ కాదనలేరు, కానీ బీపీ అదుపులో లేని నెలల్లో వారానికి రెండు ఓవర్‌టైమ్‌లకు మించి ఒప్పుకోవద్దనే నా సలహా.

చప్పుడు కూడా బీపీని పెంచుతుంది. 85 డెసిబెల్స్ దాటే చోట ఇయర్‌ప్లగ్ ఉంటేనే చాలదు, సరిగ్గా పెట్టాలి. ఫోమ్ ప్లగ్‌ను సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి అరనిమిషం వేలితో ఆపి ఉంచాలి. బయటికి సగం కనిపిస్తోందంటే పెట్టనట్టే.

పరీక్షల్లో బీపీతోపాటు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల చక్కెర సగటు), ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), నడుము చుట్టుకొలత చూడాలి. మన దక్షిణాసియా వాళ్లలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెం.మీ. దాటితే ముప్పు మొదలైనట్టే. అది ప్యాంటు సైజు కాదు, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, గాలి వదిలాక కొలిచింది. లావు లేనంత మాత్రాన ఎల్‌డీఎల్ బాగుంటుందని హామీ లేదు. విశ్రాంతిగా పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుందంటే రక్తనాళాల్లో అడ్డు లేదని అర్థం కాదు. మెట్లెక్కినప్పుడు, బరువు ఎత్తినప్పుడు ఛాతీ పట్టేసి ఆగగానే తగ్గిపోతుంటే, ఈసీజీ మామూలుగా ఉన్నా ఆ మాట డాక్టర్‌కు విడమరిచి చెప్పాలి.

షాపులో గుండెపోటును గుర్తుపట్టడం బయటికన్నా కష్టం. చెమట అందరికీ ఉంటుంది, భుజం నొప్పి అందరికీ ఉంటుంది. తేడా చూడాల్సింది ఇక్కడ: చల్లటి జిగట చెమట, ముఖం పాలిపోవడం, ఛాతీ మధ్యలో ఏదో పెట్టి నొక్కుతున్నట్టు ఉండటం, అది దవడకో ఎడమ చేతికో రెండు చేతులకో పాకడం, కూర్చున్నా తగ్గకపోవడం. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకునేవాళ్లు పోగొట్టుకునేది ఆ మొదటి గంటనే. అంబులెన్సుకు ఫోను చేసి, మనిషిని కూర్చోబెట్టి, అలర్జీ, రక్తస్రావం సమస్యలు లేకపోతే 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలించాలి, మింగిస్తే ఆలస్యంగా పనిచేస్తుంది. మనిషిని నడిపించొద్దు, బండి వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు.

కుప్పకూలి, ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100–120 సార్లు, 5–6 సెం.మీ. లోతుకు నొక్కుతూ ఉండాలి. నొక్కే మనిషిని రెండు నిమిషాలకోసారి మార్చాలి, అలసిన చేయి లోతుకు దిగదు. కరెంటు దగ్గర పడి ఉంటే ముందు సరఫరా ఆపాలి. గ్యాసు ఉన్న గుంతలోనో గదిలోనో పడి ఉంటే శ్వాస పరికరం లేకుండా లోపలికి దిగకూడదు, దిగితే ఇద్దరవుతారు. నొక్కడం, షాక్ ఇవ్వడం రెండూ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. అందుకే గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం తాళం వేసిన ఆఫీసులో కాకుండా, ఏ మూల నుంచైనా మూడు నిమిషాల్లో తెచ్చేంత దూరంలో, నైట్ షిఫ్టుకూ అందేచోట ఉండాలి. ఫర్నేసు పక్కన పడినవాళ్ల ఛాతీ చెమటతో తడిసి, మీద దుమ్ము పట్టి ఉంటుంది, ప్యాడ్లు అలాగే అంటిస్తే పట్టవు. ఆ పెట్టెలో ఒక పొడి తువ్వాలు, దుస్తులు కోసే కత్తెర, రేజరు పెట్టి ఉంచండి. తుడిచి, ఆరబెట్టి, అప్పుడు అంటించాలి.